డోర్నకల్ గుడి, పిడికెడు బియ్యం

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోకముందు ఈ మూడింటిలో చాలా భాగం పాత వరంగల్ జిల్లాయే. ఈ నేల చరిత్ర చెప్పమంటే మనం కాకతీయుల దగ్గర మొదలుపెడతాం. సమ్మక్క, సారలమ్మ చేసిన పోరు చెబుతాం. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన రోజు చెబుతాం. మధ్యలో చెప్పకుండా దాటేసేవి చాలా ఉన్నాయి. వాటిలో డోర్నకల్ ఒకటి. మేం చదువుకున్న పుస్తకాల్లో డోర్నకల్ అంటే రైళ్లు మారే జంక్షన్, అంతే. అదే ఊళ్లో ఎపిఫనీ కెథడ్రల్ అనే పెద్ద గుడి ఉంది. దాని వెనుక ఒక సంఘం ఉంది. ఆ సంఘం కథలో మన గూడేలకూ తండాలకూ చిన్న చోటు ఉంది, అంతకంటే పెద్ద ఖాళీ ఉంది. ఆ రెండింటి గురించీ ఇక్కడ రాస్తున్నాం.

ఇది మతప్రచారం కోసమో, మతాన్ని తప్పుపట్టడం కోసమో రాస్తున్నది కాదు. మాలో వేల్పులను కొలిచేవాళ్లున్నారు, ఆదివారం గుడికి పోయేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. ఒక పేద జనం సంఘం కట్టుకుని వందల మైళ్ల దూరం వచ్చి ఎలా పనిచేసిందో తెలుసుకోవడం మనకు అవసరమని అనిపించింది. మన సంఘాలు ఎందుకు రెండేళ్లకే చీలిపోతున్నాయని బాధపడే యువకులకు ఇంకా అవసరం.

సంఘం పేరు ఇండియన్ మిషనరీ సొసైటీ. 1903 ఫిబ్రవరి 12న తమిళదేశంలో తిరునెల్వేలి పక్కనున్న పాళయంకోట్టైలో మొదలైంది. మొదలుపెట్టిన వారిలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874 ఆగస్టు 17న వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి పాస్టరు. వాళ్లది నాడార్ల కులం. తాటిచెట్లు ఎక్కి కల్లు తీయడం, తాటిబెల్లం వండడం ఆ కులం వృత్తి. మన దగ్గర గౌడన్నల పనిలాంటిదే అనుకోవచ్చు, కానీ అక్కడ వాళ్లకు పట్టిన అంటు మరీ ఘోరం. నాడార్లు గుళ్లలో అడుగుపెట్టకూడదు. 1897లో కముది అనే ఊళ్లో కొందరు నాడార్లు గుడిలోకి వెళ్లి పూజ చేసినందుకు కేసు పెట్టారు. ఆ కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది, 1908లో తీర్పు నాడార్లకు వ్యతిరేకంగా వచ్చింది. మధ్యలో 1899లో శివకాశిలో ఇదే గొడవ మీద ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చారు. డోర్నకల్‌కు వచ్చిన సంఘం ఈ కాలంలో, ఈ జనంలో పుట్టింది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే తర్వాత ఆ గుడి రూపం ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది.

అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ డిగ్రీ చేతికి రాలేదు. తర్వాత వైఎంసీఏలో కార్యదర్శిగా ఊరూరా తిరిగాడు. 1902లో సిలోనులోని జాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మిషన్ సంఘాన్ని నడుపుకోవడం చూశాడు. తిరునెల్వేలిలో క్రైస్తవం వచ్చి వందేళ్లు దాటింది, ఇంకా ఇంగ్లండు నుంచి దొరలు రావాలి, డబ్బు రావాలి, మనం చేతులు కట్టుకుని నిలబడాలా అన్న ప్రశ్న ఆయనకు అక్కడ గట్టిగా తగిలింది. మరుసటి ఏడే సంఘం పుట్టింది. మనుషులు ఇక్కడివాళ్లే, డబ్బు ఇక్కడిదే, పెత్తనమూ ఇక్కడివాళ్లదే అన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న ఇదే ఆలోచనతో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ అనే ఇంకో సంఘం పెట్టారు. దాని స్థాపకుల్లోనూ ఆయన ఉన్నాడు. అదే ఏడు బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. గాలి అటే వీస్తోంది.

మరి ఆ తమిళులు ఎక్కడో ఉన్న మన మానుకోట తాలూకాకు ఎందుకొచ్చారు? తమ వాళ్లకు తాము చెప్పుకోవడం కాదు, వేరే భాష, వేరే రాజ్యం, అసలు ఎవరూ చేరని జనం దగ్గరికి పోవాలని సంఘం అనుకుంది. అప్పుడు ఇది నిజాం రాజ్యం. తమిళులకు ఒక రకంగా పరదేశమే. రావడానికి దారి మాత్రం రైలు వేసింది. ఇల్లందు దగ్గర సింగరేణి అనే ఊరి పక్కన బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు బయటికి పోవాలంటే పెద్ద లైనులో కలిసే చోటు కావాలి, ఆ చోటే డోర్నకల్. ఇప్పుడు భూపాలపల్లి గనుల్లో పనికి పోయే మన పిల్లల్లో చాలామందికి సింగరేణి అనేది ఒక ఊరి పేరని తెలియదు. తెలుసుకోవాలి. ఇల్లందు చుట్టూ ఉన్నది కోయల నేల. బొగ్గు కోసం వేసిన పట్టాల మీదే ఆ తమిళ సంఘమూ దిగింది.

సంఘం డబ్బు ఎలా పోగయ్యేదో కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే అసలు బలం అక్కడే ఉంది. సంఘంలో జమీందార్లు లేరు. చేరిన వాళ్లలో చాలామంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. చేతిలో పైసలు ఆడని ఇళ్లలో చందా అడగడం కష్టం. అందుకని ఇంటి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెచ్చి పోసేవాళ్లు. పిడికెడు బియ్యం తీస్తే ఇంట్లో ఎవరి కడుపూ మాడదు. కానీ ఏడాది పొడుగునా, వందల ఇళ్ల నుంచి వస్తే దానితో ఒక పంతులుకు తిండి జరుగుతుంది. డోర్నకల్‌లోనూ అజరయ్య ఇదే పద్ధతి పాదుకొల్పాడు. బియ్యం తినని ఇళ్లలో జొన్నలు. కోతల కాలంలో కొత్త గింజలు, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు తెచ్చి అర్పించేవాళ్లు. వాటిని వేలం వేస్తే వచ్చింది సంఘానికి. క్రైస్తవుల ఇవ్వడం గురించి ఆయన ఇంగ్లిషులో ఒక పుస్తకమే రాశాడు. పేదవాడిని ఎప్పుడూ పుచ్చుకునేవాడిగా ఉంచితే వాడు ఎప్పటికీ లేవడన్నది ఆయన పట్టు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. కొత్తల పండుగకు, వేల్పుల కొలుపుకు గూడెంలో ఇంటికి ఇన్ని గింజలని, ఇంటికో కోడి అని పోగు చేసుకోవడం మన పెద్దల నుంచి ఉన్నదే. తేడా ఒక్కటే. మనది పండుగ అయిపోగానే అయిపోతుంది, వాళ్లది ప్రతి పూటా పొయ్యి దగ్గర సాగింది. అయితే డోర్నకల్ పనంతా పిడికెడు బియ్యంతోనే నడిచిందని చెబితే అబద్ధమవుతుంది. తర్వాతి ఏళ్లలో ఇంగ్లండు మిషన్ల కింద ఉన్న పెద్ద పెద్ద ప్రాంతాలు డోర్నకల్ అధ్యక్ష మండలంలో కలిశాయి, వాటితో పాటు విదేశీ సాయమూ వచ్చింది. స్వదేశీ అన్న మాట అక్కడ కొంత మసకబారింది. కానీ పల్లెల్లో పెట్టిన అలవాటు నిలిచింది.

అజరయ్య 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్‌కు కాపురం వచ్చాడు. వచ్చిన కొత్తలో ఇల్లు లేదు, గుడారంలో ఉన్నాడు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభకు పిలిచారు. అక్కడ దొరల ముఖం మీదే చెప్పాడు: మీరు త్యాగాలు చేశారు, ధనం ఇచ్చారు, ఒప్పుకుంటాం, కానీ మమ్మల్ని మీతో సమానంగా కూర్చోబెట్టి స్నేహితుల్లా చూడలేదు, మాకు కావలసింది అదే. సభలో కొందరికి అది రుచించలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం పట్టుబట్టి, తెల్ల మిషనరీల అభ్యంతరాలను దాటి, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా అభిషేకం చేయించాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తిరునెల్వేలిలో కూడా కొందరు అడ్డుపడ్డారు, నాడారు బిషప్ ఏమిటని. సొంత మనుషుల్లోనూ కులం చావలేదన్నమాట.

ఇక బళ్ల సంగతి. ఉపాధ్యాయులం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాం. 1935 నాటికి డోర్నకల్ మండలంలో 250 మంది దాకా భారతీయ గురువులు, 2000కు పైగా పల్లె పంతుళ్లు ఉన్నారు. నిజాం రాజ్యంలో ఆనాడు సర్కారు బడి అంటే ఉర్దూ. అదీ పట్నాల్లో, పెద్ద ఊళ్లలో. మాలవాడకు, మాదిగవాడకు బడి అనేది లేదు. సంఘం పంపిన పంతులు వాడలోనే కాపురం ఉండాలి. పగలు పిల్లలు జీతానికి పోతారు, పశువులు కాస్తారు, కాబట్టి చదువు చాలా చోట్ల దీపం పెట్టాకే. పంతులే ప్రార్థన చేయించాలి, పంతులే అక్షరాలు దిద్దించాలి, జ్వరం వస్తే మందు ఇవ్వాలి, తగాదా వస్తే మధ్యన కూర్చోవాలి. మనలో ఏకోపాధ్యాయ బడిలో పనిచేసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఆ పంతుళ్లలో చాలామంది పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. అదే కులం నుంచి వచ్చి నాలుగు అక్షరాలు నేర్చుకుని, తన వాడకో పక్క వాడకో తిరిగి వచ్చినవాళ్లు.

పల్లెను పట్టిన నాలుగు దయ్యాలని అజరయ్య పదేపదే చెప్పేవాడట: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లిషులో నాలుగూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, అందుకే జనానికి గుర్తుండిపోయాయి. మందు ఇచ్చే చోట్లు, సహకార పొదుపు సంఘాలు, అచ్చాపీసు, చేతిపనులు నేర్పే బడి, ఇవన్నీ ఆ లెక్కన వచ్చినవే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి తరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు, పల్లె ఆడవాళ్ల మధ్య పనిచేసింది. వ్యాసాల్లో ఆమె పేరు ఒక వాక్యంలో వచ్చిపోతుంది. ఇక్కడా అంతే అయింది.

అప్పు అన్న దయ్యం మీద మాకొక మాట ఉంది. అప్పు తీర్చినా చెల్లు రాయని షావుకారు, చదవలేనివాడి వేలిముద్ర వేయించుకునే పటేలు, ఇదంతా చదువు రాకపోవడం మీదే నడిచింది. కాబట్టి వాడలో ఒక్కడు చదవగలిగినా ఊరికి అది కోపం తెప్పించే పనే. తాగుడు సంగతి వేరు. కల్లు, ఇప్పసారా మన దగ్గర పండుగలో, పుట్టుకలో, చావులో ఉన్నాయి. బయటి నుంచి వచ్చినవాడు దాన్ని దయ్యం అంటే మన పెద్దలకు నచ్చకపోవడం సహజం. ఇప్పసారా వేరు, సర్కారు దుకాణం సారా వేరు అన్న తేడా ఆ మాటలో లేదు.

ఎవరు చేరారు? ఎక్కువగా మాలలు, మాదిగలు. కొన్ని చోట్ల గౌండ్లవాళ్లు, వడ్డెరలు. లంబాడీలు, ఎరుకలు, కోయలు కూడా కొందరు చేరారు. మాలలు చేరిన ఊళ్లో మాదిగలు వెనక్కి తగ్గడం, మాదిగల గుడికి మాలలు రాకపోవడం ఉండేది. ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగాలన్న ఆరాధన నియమం ఆ గోడను కొంత పగలగొట్టింది, పూర్తిగా కాదు. 1930లలో ఈ సామూహిక మతం మార్పుల మీద గాంధీజీకీ అజరయ్యకూ వాదం నడిచింది. అంబేద్కర్ 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాక ఆ వాదం ఇంకా వేడెక్కింది. పేదలు అర్థం కాకుండానే, సౌకర్యాల కోసం మారుతున్నారని గాంధీజీ అభిప్రాయం. వాళ్లకు ఆత్మగౌరవం దొరుకుతోందని అజరయ్య సమాధానం. చట్టసభల్లో క్రైస్తవులకు విడిగా నియోజకవర్గాలు వద్దనే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే దారి. మాకు తోచింది చెబుతాం. మాదిగవాడలో బైబిలు చేతపట్టుకున్న మనిషికి తనకేం కావాలో తెలియదని ఎవరన్నా అది తక్కువ చేయడమే. ఆ మాట ఈనాటికీ ఆదివాసుల గురించి కూడా అంటూనే ఉన్నారు.

కోయల దగ్గరికి మిషన్ పోయిన దారి వేరు, అది డోర్నకల్ కంటే పాతది. గోదావరి మీద దుమ్ముగూడెం దగ్గర పడవలు నడిచేందుకు ఆనకట్ట పని జరుగుతున్నప్పుడు అక్కడి ఇంజినీరు హేగ్ అనే సైనికాధికారి చొరవతో 1860 ప్రాంతంలో కోయల కోసం మిషన్ మొదలైంది. తొలి పనివాడు తెలుగువాడే, వెంకటరామ రాజు. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి అక్కడ చాలా ఏళ్లు ఉండి కోయల భాష, పెళ్లిళ్లు, వేల్పుల గురించి రాశాడు. 1881లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. మన భాష మాటలు అచ్చులో కనిపించిన తొలి రాతల్లో అది ఒకటి. అందులో మనల్ని చూసిన చూపు పైనుంచి కిందికి చూసిన చూపే. అయినా మాటలు మనవే, కాబట్టి చదవాలి. దుమ్ముగూడెం ప్రాంతం కూడా తర్వాత డోర్నకల్ మండలంలో కలిసింది.

మరి డోర్నకల్ చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో సంఘం ఎందుకు అంతగా పారలేదు? మా పెద్దలతో మాట్లాడుకున్నప్పుడు తేలినవి చెబుతాం. వాడ ఊరికి అంటుకుని ఉంటుంది, నలభై ఇళ్లు ఒక్కచోట. గూడెం అలా కాదు, పోడు మారితే ఇళ్లు మారేవి. వాడకు గుడి లేదు, రానివ్వలేదు. మనకు మన వేల్పు ఉంది, వడ్డె ఉన్నాడు, గోత్రపు కథ చెప్పే డోలీ ఉన్నాడు. ఎవరూ మనల్ని మన గద్దె దగ్గరికి రావద్దనలేదు. ఇంకొకటి భాష. అజరయ్య తమిళం వదిలి తెలుగు నేర్చుకున్నాడు, అది గొప్పే. కానీ తెలుగు దగ్గరే ఆగింది. కోయ మాటలోనో, గోర్ మాటలోనో పాఠం చెప్పే పంతులు డోర్నకల్ పల్లెబడిలో లేడు. ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాషలో చదువన్నది నిజాం రాజ్యంలో 1943 తర్వాత ఆదిలాబాద్‌లోని మార్లవాయిలో హైమండార్ఫ్ మొదలుపెట్టించిన గోండు బళ్లతోనే కంటబడుతుంది. అక్కడ గోండీలో వాచకాలు రాయించారు, గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. మార్లవాయి చేసిన పని, డోర్నకల్ చేసిన పని ఒకచోట కలిసి ఉంటే ఎలా ఉండేదోనని మేం చాలాసార్లు అనుకున్నాం.

గుడి దగ్గరికి వద్దాం. కట్టడం ఏళ్ల తరబడి సాగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. జనవరి 6 ఎపిఫనీ పండుగ, తూర్పు దేశపు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ బాలయేసు దగ్గరికి వచ్చిన రోజు. బయటివాళ్లు లోపలికి వచ్చిన పండుగ అన్నమాట. అదే పేరు గుడికి పెట్టారు. చూస్తే ఇంగ్లండు చర్చిలా ఉండదు. పైన గుమ్మటాలు మసీదును గుర్తు చేస్తాయి, హైదరాబాద్ రాజ్యపు కట్టడాల వరస. లోపల స్తంభాలు దక్షిణాది గుడి మండపంలోవి. రాతిలో తామరపువ్వులు, ఉమ్మెత్తపువ్వులు చెక్కారు. ఉమ్మెత్త చావుకు గుర్తు. తామర మన దేశానికి, బతుక్కి.

ఇక్కడే మొదట చెప్పిన కముది కేసు గుర్తుకు రావాలి. ఏ స్తంభాల మండపంలోకి రావద్దని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి ఆపారో, ఆ స్తంభాల మండపాన్నే ఆ నాడార్ల బిడ్డ డోర్నకల్‌లో కట్టించి, మాల మాదిగలను లోపల కూర్చోబెట్టాడు. ఇది ఆయన ఆలోచించి చేశాడా, అందమని చేశాడా అన్న తర్కం అవసరం లేదు. లోపల నిలబడిన మాదిగ ముసలామెకు ఆ స్తంభాలు ఏం చెప్పాయో ఊహించవచ్చు. మన మాట వేరు. మన మేడారంలో స్తంభాలు లేవు, విగ్రహం లేదు. గద్దె, వెదురు, కుంకుమ భరిణె. ఆ గుడిలో దేశంలోని మూడు పెద్ద మతాల రూపాలు కనిపిస్తాయి, అడవి రూపం కనిపించదు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ గుడి కట్టినవాళ్లకు మనం కొంచెం దూరంగా ఉన్నామనడానికి అది ఆనవాలు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు, అక్కడే సమాధి చేశారు. ఆంగ్లికన్ చర్చిలో మండలానికి అధిపతి అయిన భారతీయ బిషప్ అప్పటిదాకా ఆయన ఒక్కడే. వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలవాలని 1919 నుంచి ఆయన పోరాడాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడే నాటికి ఆయన లేడు. ఇప్పుడు డోర్నకల్ అసెంబ్లీ స్థానం ఎస్టీలకు రిజర్వయింది. చుట్టూ తండాలు. ఊరికి వచ్చిపోయే మన పిల్లలు రోజూ ఆ గుమ్మటాలు చూస్తారు.

తోటి ఉపాధ్యాయులకు ఒక పని చెబుతాం. పాత గుళ్లలో బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటాయి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చేసే పని అందులో రాసే అలవాటు ఆంగ్లికన్ గుళ్లలో ఉంది. మన ముత్తాతల పేర్లు రెవెన్యూ కాగితాల్లో దొరకవు, పట్టా ఉంటే కదా. డోలీ చెప్పే కథలో గోత్రం దొరుకుతుంది గానీ ఏడు దొరకదు. ఆ రిజిస్టర్లలో ఏ గూడెం పేరైనా, ఏ తండా పేరైనా ఉందేమో చూడాలి. గురువుగారి అనుమతి తీసుకుని, తొమ్మిదో తరగతి పిల్లలను నలుగురిని వెంట పెట్టుకుని పోతే చాలు. ఊరి పేరు, పక్కన రాసిన ఏడు, చేసే పని, ఈ మూడూ రాసుకోమనాలి, మనుషుల సొంత పేర్లు వద్దు. తర్వాత అదే ఊరికి పోయి అక్కడి ముసలివాళ్లను అడగాలి. పేజీలు తిప్పేటప్పుడు పిల్లల చేతులు పొడిగా ఉండేలా చూసుకోవాలి. వందేళ్ల కాగితం, తడి తగిలితే విరిగిపోతుంది.